ఈ ఏడాది రాని పళ్ళెం

హోలోన్,
26 ఫిబ్రవరి 2023, ఆదివారం

వదినా,

ఎలా ఉన్నావు? నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది, ఇంకా జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. కానీ పూరీం పండగ ముందు నా కొట్టు ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు. అట్టపెట్టెలు, బుట్టలు, మెరుపు కాగితం, రిబ్బన్లు. పొద్దున షట్టర్ ఎత్తేసరికే నలుగురు నిలబడి ఉంటారు. ఊళ్ళో అందరూ అందరికీ తినుబండారాల పళ్ళేలు పంపుకోవాలి, ఆ పళ్ళేలన్నీ నా చేతి మీదుగా ముస్తాబవ్వాలి. శుక్రవారం ఒకావిడ వచ్చి, "నలభై పెట్టెలు కావాలి, కానీ ఏ రెండూ ఒకలా ఉండకూడదు" అంది. ఎందుకమ్మా అంటే, "మా ఆడపడుచులు ముగ్గురూ పక్కపక్కనే ఉంటారు, పోల్చి చూసుకుంటారు" అంది. నవ్వాపుకోలేకపోయాను. నేనూ ఒకరి ఆడపడుచునే కదా.

అమ్మ లేని మొదటి పూరీం ఇది. ఏడాది తిరగలేదు కాబట్టి విందులకీ పాటలకీ ఎక్కడికీ వెళ్ళను. ఎస్తేరు కథ చదివేటప్పుడు మాత్రం మందిరానికి వెళ్ళి విని, హామాను పేరొచ్చిన ప్రతిసారీ నలుగురితో పాటు నేలని తన్ని, తిన్నగా ఇంటికొచ్చేస్తాను. ఒకప్పుడు మన యూదులందర్నీ ఒక్క రోజులో చంపేయాలని చీటీ వేసినవాడి పేరు కదా, తన్నడానికి దుఃఖం అడ్డు కాదు.

మా చిన్నప్పుడు అమ్మ ఒకటి చెప్పేది. పూరీం నాడు ఎవరింట్లోనూ బల్ల ఖాళీగా ఉండకూడదట. తిండికి లోటు లేనివాడికి కూడా రెండు రకాలు పంపాలట, తనని తలుచుకున్నవాళ్ళు ఉన్నారని వాడికి తెలియాలి కదా అనేది. మా బాగ్దాద్ వాళ్ళ పద్ధతి నీకు తెలిసిందే, పెద్దవాళ్ళ పళ్ళెం ముందొస్తుంది, చిన్నవాళ్ళు అదే పళ్ళెంలో తిరిగి పంపుతారు. అమ్మ మీ దగ్గరికొచ్చి పదకొండేళ్ళయినా ఒక్క ఏడు కూడా నాకు తప్పించలేదు. ఖర్జూరం బిళ్ళలూ, శనగలు కూరిన సంబూసక్‌లూ, పక్కనే నీ గసగసాల బిళ్ళలూ. ఇప్పుడు మా ఇంటికి పెద్దదానివి నువ్వే.

ఇంకో మాట. అమ్మని సాగనంపిన రోజు నేను నీతో మాట్లాడిన తీరు గురించి నువ్వేమీ అనలేదు, నేనూ ఎత్తలేదు. అలాగే ఉండనీ.

పస్కా పండగ రాత్రి భోజనానికి ఎప్పటిలాగే మీ ఇంటికే వస్తాం. అమ్మ లేకుండా ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఎలాగో నాకు తెలియదు, కానీ కూర్చుంటే మీతోనే కూర్చోవాలి. ఎవరో బేరానికొచ్చారు, ఉంటాను.

నీ
ఒస్నాత్


జెరూసలేం,
2 మార్చి 2023, గురువారం

ఒస్నాత్‌కి వదిన దీవెనలు.

నువ్వు ఆలస్యం చేశావని నేనేమీ అనుకోలేదు. బడి లైబ్రరీలో నాకూ ఊపిరాడటం లేదు. పిల్లలంతా వేషాల పుస్తకాలే అడుగుతున్నారు. ఒకటో తరగతి పిల్ల ఒకతి "హామాను భార్య బొమ్మ ఉందా?" అంది. ఆ వేషం ఎందుకే అంటే, "రాణులు ఇప్పటికే పదిమంది అయ్యారు టీచర్" అంది.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. అత్తయ్య కోసం ప్రార్థన చెప్పడానికి పొద్దునా సాయంత్రం మానకుండా వెళ్తున్నాడు. చలికి దగ్గు పట్టింది, మందు వేసుకోమంటే మాత్రం వినడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి రెండుసార్లూ ఏడ్చాను. ఈ ఏడాది పండగ సందడి నీకెంత భారంగా ఉంటుందో నేను అర్థం చేసుకోగలను. ఆ విషయంలో నా వల్ల నీకు కష్టం కలగనివ్వను, నిశ్చింతగా ఉండు. ఏం చేయాలో, ఏం చేయకూడదో మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది.

పాత కోటగోడ ఉన్న ఊరు కాబట్టి మన పండగ ఇక్కడ బుధవారం కదా, మీకంటే ఒక రోజు వెనక. మంగళవారం మీరంతా పండగ చేసుకుంటుంటే మేం బడికీ పనికీ వెళ్తాం. ఈ ఊరికి గోడ ఉన్నందుకు శిక్ష అని మీ అన్నయ్య ఏటా అనే మాట ఈ ఏడూ అన్నాడు.

పస్కాకి మీరు రాకపోతే ఇంకెవరొస్తారు? ఇల్లంతా దులపడం మొదలుపెట్టాలి. అత్తయ్య గది నవంబరు నుంచి తెరవలేదు. దాన్ని కూడా తెరవాలి.

ప్రేమతో
బ్లూమా


హోలోన్,
9 మార్చి 2023, గురువారం

బ్లూమా వదినగారికి,

మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం.

పస్కాకి మేం రావడం లేదు. మా బావగారు, షౌల్ వాళ్ళన్నయ్య, ఆష్దోద్‌కి రమ్మని పిలిచారు, అక్కడికి వెళ్తున్నాం. మా కోసం మాంసం, చేపలు తెప్పించకండి.

ఇల్లు మీదే కాబట్టి అమ్మ గది మీకిష్టం వచ్చినప్పుడు తెరుచుకోండి. అమ్మ బట్టలూ, కళ్ళజోడూ మీకు అడ్డమనుకుంటే అన్నయ్యతో పంపించండి.

కొట్టు బాగానే నడిచింది. ఈ ఊళ్ళో ఎవరికి చేరవలసినవి వాళ్ళకి చేరాయి.

అన్నయ్యని మందు వేసుకోమన్నానని చెప్పండి.

ఒస్నాత్


జెరూసలేం,
13 మార్చి 2023, సోమవారం

ఒస్నాత్‌కి,

నీ ఉత్తరం మొదటిసారి చదివి ఇంకెవరికో రాసినది పొరపాటున నాకొచ్చిందనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా నువ్వు నన్ను "వదినగారు" అనలేదు.

నేను రాసినదాంట్లో తప్పేముందా అని వెతుక్కున్నాను. గది తెరవాలన్నందుకా? అత్తయ్య వస్తువులు నాకు అడ్డమా? పదకొండేళ్ళు ఆ కళ్ళజోడు రోజుకి మూడుసార్లు వెతికి పెట్టింది నేనే. ఒకసారి ఫ్రిజ్‌లో దొరికింది.

మీ అన్నయ్యని అడిగాను. "ఒస్నాత్‌కి ఎందుకు కోపమొచ్చింది?" అంటే, "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకు" అని బల్బు మార్చడానికి స్టూలెక్కాడు. బల్బు బాగానే వెలుగుతోంది. ఆయనకేదో తెలుసు, చెప్పడు.

ఇంక నా మాట కూడా చెప్పనీ. నాకు మాత్రం బాధ లేదనుకుంటున్నావా? బుధవారం పొద్దున్నుంచి నేనూ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. హోలోన్ నుంచి ఎవరైనా వస్తారేమో, ఒక చిన్న పొట్లమైనా వస్తుందేమో అని. తల్లి పోయిన ఏడాది కూడా మనిషి పళ్ళెం పంపాలి, అది ఆ మనిషికి తప్పని విధి కదా. నువ్వు పంపలేదు. నీ మనసులో నవంబరు నాటి మాట ఇంకా అలాగే ఉందని అప్పుడు అర్థమైంది. అయినా నేనేమీ రాయకూడదనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరమే వచ్చింది.

అత్తయ్య పోయాక మొదటి పస్కాకి మీ అన్నయ్య ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని, చెల్లెలెందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? కోపం నా మీదైతే నన్ను తిట్టు. ఆ బల్లని మాత్రం రెండు ముక్కలు చేయకు.

బ్లూమా


హోలోన్,
15 మార్చి 2023, బుధవారం

వదినా,

సరే, మర్యాదలు నా వల్ల కావు. తిట్టమన్నావు, తిడతాను.

నేను పంపలేదా? పెద్దవాళ్ళ పళ్ళెం రాకుండా చిన్నవాళ్ళు ఎలా పంపుతారు? పంపితే అది గుర్తు చేసినట్టవుతుంది, చెయ్యి చాచినట్టవుతుంది. ఆ ముందు వారమే రాశాను కదా, ఇప్పుడు పెద్దదానివి నువ్వేనని. ఇంకెంత విడమరిచి చెప్పాలి?

మంగళవారం ఎలా గడిచిందో చెప్తాను విను. వీధంతా పండగ. మీసాలు దిద్దుకున్న ఆడపిల్లలు, రాణుల వేషాలేసుకున్న మగపిల్లలు, ఒక ముసలాయన కోడిపుంజు టోపీ పెట్టుకుని బస్సెక్కుతున్నాడు. నేను ఇంటి దగ్గర బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వ్యాను ఆగితే చాలు లేచేదాన్ని. వచ్చినవి తీసి పెట్టుకోవడానికి ఖాళీ డబ్బా సిద్ధంగా పెట్టుకున్నాను, నీకు తిరిగి పంపాల్సిన సంబూసక్‌లు నేనే చేశాను. అమ్మ చేసినట్టు రాలేదు, పిండి గట్టిపడింది. సాయంత్రానికి ఏడుపొచ్చింది. షౌల్, "పిచ్చిదానా, వాళ్ళది జెరూసలేం, వాళ్ళ పండగ రేపు" అన్నాడు. అవును కదా అని కళ్ళు తుడుచుకున్నాను. బుధవారం కొట్టు తెరిచాను కానీ ప్రాణమంతా ఫోన్ మీదే. ఇంటికొచ్చి మెట్ల మీద చూశాను, పక్కింటావిడని అడిగాను. "ఏమైనా రావాలా ఒస్నాత్?" అంది. "ఏం లేదు" అన్నాను. ఆ సంబూసక్‌లు రెండ్రోజులుండి పాడైపోయాయి.

ఊరందరి పళ్ళేలకీ రిబ్బన్లు కట్టిన చేతులివి. నా గుమ్మానికి మాత్రం ఒక గసగసాల బిళ్ళ రాలేదు. అమ్మ బతికున్నన్నాళ్ళే మేం నీకు మనుషులం, అమ్మతోటే తెగిపోయింది అనే కదా దానర్థం?

నవంబరు సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి అదీ రాస్తాను. డాక్టరు కాగితంలో తొమ్మిది గంటలని ఉంది. నువ్వు నాకు ఫోన్ చేసింది పన్నెండుకి. మీ ఊళ్ళో పోయినవాళ్ళని రాత్రి దాకా ఉంచరని, ఆ రోజే తీసుకెళ్ళిపోతారని నీకంటే ఎవరికి బాగా తెలుసు? ట్రాఫిక్‌లో ఏడుస్తూ ఏడుస్తూ వచ్చేసరికి అమ్మని తెల్లబట్టలో చుట్టేశారు. ముఖం చూడలేదు నేను. తొమ్మిదింటికి చెప్పుంటే చూసేదాన్ని. మూడు గంటలు వదినా. ఆ మూడు గంటలు ఏం చేశావు? కడుపులో నాలుగు నెలల నుంచి ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని తిరుగుతున్నాను.

ఒస్నాత్


జెరూసలేం,
21 మార్చి 2023, మంగళవారం

ఒస్నాత్‌కి,

ముందు పళ్ళెం సంగతి రాస్తాను, అది తేలిక.

మా హంగరీ వాళ్ళలో తల్లో తండ్రో పోయిన మనిషికి ఏడాది తిరిగేదాకా పూరీం పళ్ళెం ఎవరూ పంపరు. ఏడుస్తున్న గుమ్మంలో మిఠాయి పెట్టకూడదంటారు. ఆ మనిషి మాత్రం అందరికీ పంపాలి, ఆ విధి ఎవరికీ తప్పదు. నాకు తెలిసిన ప్రపంచమంతా అంతే అనుకున్నాను. పంపకపోవడమే నీ మీద నాకున్న గౌరవం అనుకున్నాను. "నా వల్ల కష్టం కలగనివ్వను" అని రాసింది అందుకే. ఆ వారం బిళ్ళలు చేసి ఇరుగుపొరుగుకి పంచుతుంటే నీ వాటా దగ్గర చెయ్యి ఆగింది. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు రెండింతలు పంపాలి అనుకున్నాను.

ఇప్పుడొకటి చెప్తాను, నవ్వు లేదా తిట్టు. మా నాన్న పోయిన ఏడు మాకు పెళ్ళై రెండేళ్ళు. మా వీధిలో ఒక్కరు కూడా నాకు పళ్ళెం పంపలేదు, అది నాకు ఓదార్పుగానే ఉంది. మధ్యాహ్నానికి మీ అమ్మ దగ్గర్నుంచి ఇంత పెద్ద పళ్ళెం వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ అన్నయ్య ముందే, "మీ బాగ్దాద్ వాళ్ళకి చచ్చినవాళ్ళ మీద గౌరవమే లేదు" అన్నాను. పళ్ళెం ముట్టుకోలేదు. ఆయన కూర్చుని అంతా తనే తిన్నాడు. మొన్న గట్టిగా నిలదీస్తే అప్పుడు నోరు విప్పాడు. "నాకు తెలుసు, ఒస్నాత్ ఎదురుచూస్తుందని. కానీ అప్పుడు అంత మాటన్న మనిషికి ఇప్పుడు పంపమని ఎలా చెప్పను?" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళకీ పంపడం మీ పద్ధతని, ఆ పళ్ళెం పంపినప్పుడు అత్తయ్య నన్ను ఎంత తలుచుకుని ఉంటుందో నాకు ఈ వారమే తెలిసింది. క్షమించమని అడగడానికి ఆవిడ లేదు.

ఇంక ఆ మూడు గంటలు.

ఆ పొద్దున అత్తయ్య టీ సగం తాగి, చల్లారిపోయిందని అంది. వేడి చేసి తెస్తానని కప్పు అందుకునేలోపే అయిపోయింది. నాకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. మీ అన్నయ్య ప్రెస్సులో, పన్నెండింటికి కానీ భోజనానికి రాడు. నా ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది. పోయినవాళ్ళని ఒంటరిగా వదిలి లేవకూడదని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. గట్టిగా పిలిచాను, పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. వంటిల్లు పది అడుగులు, ఒస్నాత్. పది అడుగులు వెళ్ళి ఫోన్ తెచ్చుకుంటే పాపం రాదని ఏ మతగురువుని అడిగినా చెప్తాడు. తర్వాత నేనూ అడిగాను, అదే చెప్పాడు. నేను లేవలేదు. నాకొచ్చిన కీర్తనలన్నీ చదివాను, అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇంకొకటి కూడా ఉంది, దాచను. ఫోన్ ఎత్తితే ముందు నీకే చెప్పాలి. నీ గొంతు వినాలి. అందుకు భయపడి ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నానేమో. నిజంగా నాకే తెలియదు. ఏది ఎంతో విడదీయాలని రోజూ చూస్తాను, విడిపోదు.

నువ్వు ముఖం చూడకపోవడానికి కారణం నేనే. అందులో రెండో మాట లేదు.

బ్లూమా


హోలోన్,
29 మార్చి 2023, బుధవారం

వదినా,

ఎలా ఉన్నావు? మళ్ళీ ఆలస్యమే, ఎనిమిది రోజులు. ఈసారి కొట్టు మీద నెట్టను. రాయడం మొదలుపెట్టి నాలుగుసార్లు కొట్టేశాను.

మొదట నమ్మలేదు. "దొరికిపోయి ఆచారం చూపిస్తోంది" అన్నాను షౌల్‌తో. "నీకు నమ్మాలని లేదు, అది వేరే సంగతి" అన్నాడు. రెండ్రోజులు ఆయనతో కూడా మాట్లాడలేదు.

ఆ గురువారం రైజల్ మామ్మ వచ్చింది. ఎనభై దాటినావిడ, పోలండ్ వాళ్ళు, మా పై వీధిలోనే ఉంటుంది. బల్ల మీద పరిచే కాగితం చుట్ట కావాలంది. కాగితం కత్తిరిస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"మామ్మా, తల్లి పోయినవాళ్ళకి మీరు పూరీం పళ్ళెం పంపుతారా?"

"ఏడాది తిరక్కుండానా? పంపనే పంపం."

"ఎందుకని?"

"ఎందుకేమిటే, ఏడ్చేదాన్ని పట్టుకుని నవ్వమంటామా? నీకు ఈ ఏడు నా వాల్‌నట్ కేకు ఎందుకు రాలేదనుకున్నావు మరి, ముసలిదానికి మతిపోయిందనుకున్నావా?"

కత్తెర అక్కడే ఆగిపోయింది వదినా. ఏటా వస్తుంది ఆ కేకు. ఈ ఏడు రాలేదు. రాలేదని నేను గమనించనే లేదు. రైజల్ మామ్మే కాదు, తర్వాత కూర్చుని ఆలోచిస్తే మీ పద్ధతి వాళ్ళు ఇంకో ముగ్గురు పంపలేదు. ఒక్కదానికీ నొచ్చుకోలేదు నేను. నీ ఒక్క పళ్ళెం కోసం రెండు రోజులు బాల్కనీలో కూర్చున్నాను. నాకు కోపం పళ్ళెం మీద కాదని అప్పుడు తెలిసింది. నవంబరు నుంచి నీ మీద ఒక సాక్ష్యం కోసం చూస్తున్నాను, పూరీం వచ్చి నా చేతికి ఇచ్చింది.

"కాగితం వంకరగా కోస్తున్నావు" అంది మామ్మ. కోశాను. ఆ ముక్క ఊరికే ఇచ్చేశాను.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు, బస్సులో. కొట్లో స్టూలు మీద కూర్చుని నా రిబ్బన్ చుట్టలన్నీ రంగుల వరస మార్చేశాడు, ఇప్పుడు నాకేదీ దొరకడం లేదు. "ఎందుకు చెప్పలేదన్నయ్యా?" అంటే, "చెబితే ఒకరికి కోపమొస్తుంది. చెప్పకపోతే ఇద్దరికీ వస్తుందనుకోలేదు" అన్నాడు. అడక్కుండానే ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ రోజు పన్నెండింటికి నేను తలుపు తీసేసరికి దాని చెయ్యి అమ్మ చేతి కిందే ఉంది. తిమ్మిరెక్కి లేవలేకపోయింది. నేనే పట్టుకుని లేపాను. అది నీతో చెప్పిందా?" చెప్పలేదన్నాను. "చెప్పదు" అన్నాడు.

ఎందుకు రాయలేదు ఆ మాట? అది రాస్తే నేను కరిగిపోతానని తెలిసీ రాయలేదా?

అబద్ధం ఎందుకు, కోపం పూర్తిగా పోలేదు. అంట్లు తోముతూ తోముతూ, ఆ పది అడుగులు నేనైతే నడిచేదాన్ని అనుకుంటాను. ప్లేటు కడిగి పెట్టేలోపే, నడిచేదాన్నా అనుకుంటాను. పస్కాలోపు ఇది తేలేలా లేదు. అయినా ఆష్దోద్ వాళ్ళకి రామని చెప్పేశాం. షౌల్ వాళ్ళన్నయ్య మొహం మాడ్చాడు, మాడ్చనీ. నలుగురమూ ఒక్క బల్ల దగ్గరే కూర్చుంటాం. నేను ఏడిస్తే ఏడవనీ, ముభావంగా ఉంటే ఉండనీ, పక్క కుర్చీ మాత్రం నాకే ఉంచు.

కానీ ఆ రాత్రికి ముందే నేనొక్కదాన్నే రావాలి. పండగ నాడు సందట్లో ఇది కుదరదు. ఆ మూడు గంటలు నాకు చెప్పు. ఆచారమా భయమా అని అడగను, అది నువ్వే చూసుకో. తొమ్మిదిన్నరకి గదిలోకి ఎండ వచ్చిందా, అమ్మ కళ్ళు ఎవరు మూశారు, ముఖం ఎలా ఉంది, నొప్పిగా ఉందా, లేక మధ్యాహ్నం కునుకు తీసినప్పటిలా ఉందా, ఏ కీర్తన దగ్గర నువ్వు ఆగిపోయావు, అన్నీ. నేను చూడని ముఖాన్ని నువ్వొక్కదానివే మూడు గంటలు చూశావు. ఈ ప్రపంచంలో ఇంకెవర్ని అడగను?

ఆదివారం కొట్టు షౌల్ చూసుకుంటానన్నాడు, సోమవారమైనా సరే. నీకు బడి ఎప్పుడుండదో చెప్పు వదినా. మనం ఎప్పుడు కలుద్దాం?

నీ
ఒస్నాత్